రొట్టెల అంగడిలో ఫ్రెంచి ఓనమాలు

ఫ్రెంచి భాష నేర్వగోరు తెలుగువారు సాధారణముగా ఇంగ్లీషున వ్రాయబడిన పాఠ్యపుస్తకమును ముందిడుకొని క్రియారూపముల పట్టికలతో ఆరంభింతురు. ఆరు మాసములు గడచునప్పటికి 'ఉండుట', 'కలిగియుండుట' అను రెండు క్రియల సకల రూపములను గడగడ అప్పగింపగలరు గాని, పారిసు నగరములో రొట్టెల అంగడి ముందు నిలువబడినప్పుడు ఒక రొట్టె అడిగి తెచ్చుకొనుటకు నోరు పెగలదు. చదువునకో కొలువునకో ఫ్రాన్సు దేశమునకు పోవు బిడ్డలు నేడు మన యిండ్లలోను కలరు. చేరిన నాటి సాయంకాలము వారికి కావలసినది వ్యాకరణము కాదు, భోజనము. మాంసము ముట్టని యింటినుండి వెళ్లినవారికి ఒక్క మాట తెలియకుండుట పస్తునకు గాని, నియమభంగమునకు గాని దారితీయవచ్చును. అందుచేత భోజనపు మాటలనే మొదటి పాఠముగా గైకొని, భాష తీరును, ఆ జనుల తిండి మర్యాదలను కలిపి యిచ్చట వివరింప దలచితిమి.

ఫ్రెంచివారు మనకు క్రొత్తవారు కారు. మన పెద్దలు వారిని పరాసులనిరి. మచిలీపట్టణమున పరాసుపేట ఆ పేరును నేటికిని నిలుపుకొనియున్నది. గోదావరీ తీరమందలి యానాము 1954 నవంబరు 1వ తేదీన భారతదేశ పరిపాలనలోనికి వచ్చువరకు వారి యేలుబడిలో నుండెను. చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తియయ్యెను. ఇంత పరిచయమున్నను తెలుగువాడు ఆ భాషలోనికి ఇంగ్లీషు వాకిటినుండియే పోవుట మాకు చుట్టుదారిగా తోచుచున్నది. ఇంగ్లీషువారికి కష్టమైన కొన్ని విషయములు తెలుగు తెలిసినవారికి పుట్టుకతోనే అబ్బియున్నవి.

ముందుగా ఉచ్చారణను చూతము. ఫ్రెంచివారి త, ద లు మన తకార దకారముల వలెనే దంతములను తాకి పలుకబడును. పొడవైన రొట్టెకు పేరు 'బగెత్'. దానిని 'బగెట్' అనుట ఇంగ్లీషు అలవాటు. ప, త, క లను వారు ఊపిరి విసరకుండ, మనవలె అల్పప్రాణములుగానే పలుకుదురు. ఇక ముక్కుతో పలుకు అచ్చులు ఆ భాషకు ప్రాణము. రొట్టెను 'పేఁ' అందురు. దీనిని 'పేన్' అనినను తప్పే, 'పేం' అనినను తప్పే. నాలుక ఎచ్చటను తగులక, పెదవులు మూతపడక, అచ్చు పలుకుచుండగనే గాలి కొంత ముక్కునుండి పోవలెను. మన వ్యాకరణములలో అరసున్న అని పేరుపడిన ఖండబిందువు దీనికి సరిగా తగిన గుర్తు. తెలుగు నోట ఆ ధ్వని సామాన్యముగా ఎన్నడో పోయి, వ్రాతలో మాత్రము మిగిలి, తుదకు వ్రాతనుండియు తొలగినది. ఫ్రెంచి నేర్చుకొనువాడు దానిని తిరిగి పనిలో పెట్టవచ్చును. ఈ వ్యాసమందు మేము అరసున్నను ఆ ధ్వనికే వాడుచున్నాము.

వ్రాయబడినదెల్ల పలుకకుండుట మరియొక చిక్కు. పదాంతమందలి హల్లు తరచుగా మూగగా నుండును. అచ్చుతో మొదలగు మాట దాని తరువాత వచ్చినయెడల మేల్కొనును. బహువచనమును తెలుపు ఉపపదము 'లే'. దాని చివర వ్రాతలో సకారము కలదు, అది వినబడదు. కాని 'ఓరాఁజ్' అను కమలాపండు పేరు చేరినపుడు 'లే జోరాఁజ్' అని, జీబ్రా అను మాటలోని జకారము నడుమ పుట్టుకొని వచ్చును. ఇంగ్లీషు పుస్తకములలో దీనికి పుటల కొలది వివరణములు కలవు. ద్రుతమును ఎరిగిన తెలుగు విద్యార్థికి ఒక్క మాట చాలును: 'రామునకు' అను రూపమున దాగియున్న నకారము 'ఇచ్చె' పరమైనపుడు 'రామునకు నిచ్చె' అని బయటపడినట్లే యిదియు. అట్లే స్త్రీలింగమును తెలుపు 'లా' అను ఉపపదముపై, నీటికి పేరైన 'ఓ' చేరినపుడు 'లా ఓ' అనక 'లో' అందురు, మేన, అల్లుడు కలిసి మేనల్లుడైనట్లు. మినహాయింపులును కలవు. చిక్కుడు జాతికి చెందిన 'ఆరికో' అను మాటకు ముందు వ్రాతలో మూగ హకార మొకటి యున్నది. అది సంధిని సహింపదు. 'లే ఆరికో' అని విడదీసియే పలుకవలెను.

తెలుగున లేని ధ్వనులు కొన్ని మాత్రమే. 'ఈ' అనుచు పెదవులను 'ఊ' వలె చుట్టిన వచ్చు అచ్చు ఒకటి; దానిని ఇచ్చట 'యు' అని వ్రాయుచున్నాము గాని అది ఉజ్జాయింపే. గొంతులో పుట్టు రేఫము మరియొకటి. షకారమును కంఠము మ్రోగునట్లు పలికిన వచ్చు జకారము ఇంకొకటి. వీనిని కంటితో చదివి నేర్చుట కల్ల, చెవియే గురువు. ఫ్రాన్సు దేశపు అంతర్జాతీయ రేడియో సంస్థయగు ఆర్.ఎఫ్.ఐ. నేర్చుకొనువారి కొరకు సులభమైన ఫ్రెంచిలో వార్తలు వినిపించుచున్నది. మొదట అర్థము కాకున్నను, దినమునకు పది నిమిషములు ఊరక విన్నవారికి ఈ ధ్వనులు క్రమముగా పట్టుబడును.

మర్యాదలోను తెలుగు మనకు తోడుపడును. ఇంగ్లీషువానికి అందరును ఒక్కటే సర్వనామము. ఫ్రెంచివానికి 'వూ' అనగా మీరు, 'త్యు' అనగా నీవు. అంగడివారిని, వయసు మీరినవారిని, క్రొత్తవారిని 'వూ' అనవలెను. బిడ్డలను, మిత్రులను, ఇంటివారిని 'త్యు' అందురు. తల్లిని నీవనుట మనకువలెనే వారికిని కలదు. తండ్రిని మీరనుట మన యిండ్లలో పెక్కింట కలదు గాని, వారికి నేడు అరుదు. ఎప్పుడు 'వూ' నుండి 'త్యు'నకు దిగవలెనో పెద్దవారు చెప్పువరకు వేచియుండుట మేలు.

ఇప్పుడు అంగడిలో అడుగిడుదము. మొదట పలుకవలసినది రొట్టె పేరు కాదు. 'బోఁజూర్, మదామ్' అని స్త్రీని, 'బోఁజూర్, మస్యో' అని పురుషుని పలుకరించి, వారు మారుపలికిన పిదపనే అడుగవలెను. చీకటిపడు వేళ 'బోఁస్వార్' అందురు. మన వీథులలో వర్తకుడే 'రండి, ఏమి కావలెను' అని పిలుచును. అచ్చట లోనికి వచ్చినవాడు ముందుగా పలుకరింపవలెను. తిన్నగా సరకు పేరు చెప్పినవాడు, ఎంత మెత్తగా చెప్పినను, తలుపు తట్టక ఇంట దూరినవానితో సమానుడు. ఫ్రెంచివారు పెడసరపు మనుష్యులని దేశదేశములవారు చెప్పుకొను ఫిర్యాదులలో సగము ఈ ఒక్క మాట లోపించుటచే కలిగినవని మా నమ్మకము.

పలుకరింపు ముగిసినది. ఇక 'జ వూద్రే యున్ బగెత్, సిల్ వూ ప్లే.' నాకొక బగెత్ కావలెను, దయచేయుడు అని భావము. ఇందు 'జ వూద్రే' వినయరూపము. దీనికి బదులు 'జ వె' అనిన, పసిబిడ్డ కాళ్లు నేలకు కొట్టుచు 'నాకు కావాలి' అన్నట్లుండును. 'సిల్ వూ ప్లే' అను దానికి మాటకు మాట అర్థము 'మీకు ఇష్టమైనచో' అని. 'యున్' అనగా ఒక, ఇది స్త్రీలింగము. పుంలింగమైన 'అఁ' వేరుగా కలదు. ఫ్రెంచిలో నపుంసకలింగము లేదు. ప్రతి వస్తువును ఆడదో మగదో కావలసినదే. రొట్టె, అనగా 'పేఁ', పుంలింగము. అదే రొట్టె సన్నముగా పొడవుగా కాలిన 'బగెత్' అయినపుడు స్త్రీలింగము. వెన్న మగది, పండ్లపాకము ఆడది. కారణమడిగి ప్రయోజనము లేదు. భార్య యను అర్థమున దారశబ్దమును పుంలింగముగను, కళత్రమును నపుంసకముగను సంస్కృతమున చదువుకొన్న జాతి ఇంతమాత్రమునకు బెదరనక్కరలేదు. కాని ఒక్క జాగ్రత్త: ఏ మాటనైనను ఉపపదముతో కలిపియే వల్లించవలెను. 'పేఁ' అని కాక 'ల పేఁ' అని, 'సూప్' అని కాక 'లా సూప్' అని నేర్చినచో లింగము నాలుకకే తెలిసియుండును.

దీనికంటె సూక్ష్మమైన సంగతి మరియొకటి కలదు. భోజనపు బల్లవద్ద గాక మరెచ్చటను ఇది ఇంత చక్కగా బోధపడదు. 'నాకు రొట్టె ఇష్టము' అనునపుడు ఫ్రెంచివారు 'జేమ్ ల పేఁ' అందురు. లోకమున రొట్టె అనునదంతయు ఇష్టమని భావము. 'రొట్టె తినుచున్నాను' అనునపుడు 'జ మాఁజ్ ద్యు పేఁ' అందురు; లోకమందలి రొట్టెలో కొంత తినుచున్నానని భావము. ఈ 'కొంత' అను అర్థమును మన తెలుగు చెప్పక వదలివేయును. వారు ప్రతిసారియు చెప్పితీరుదురు. పుంలింగమునకు 'ద్యు', స్త్రీలింగమునకు 'ద లా', అచ్చు పరమైనపుడు 'ద ల్', బహువచనమున 'దే'. కావుననే కొంచెము సూపు 'ద లా సూప్', కొంచెము నీరు 'ద లో', కొన్ని కూరలు 'దే లెగ్యూమ్'. లేదు, కాదు అనునపుడు ఇవన్నియు ముడుచుకొని ఒక్క 'ద' మాత్రము మిగులును: 'జ న మాఁజ్ పా ద వ్యాఁద్', నేను మాంసము తినను. ఈ చివరి వాక్యమును శాకాహారులు ప్రయాణమునకు ముందే కంఠస్థము చేయుదురు గాక.

రొట్టెను గూర్చి ఇంకను చెప్పవలసియున్నది. బగెత్ అను మాటకు కఱ్ఱపుల్ల యని అర్థము. సాధారణముగా అది రమారమి 250 గ్రాముల తూకము, 65 సెంటీమీటర్ల పొడవు ఉండును. యంత్రపు రొట్టెల వెల్లువలో చేతిపని మునుగుచున్నదని తలచి, 1993లో ప్రభుత్వము 'సంప్రదాయ ఫ్రెంచి రొట్టె' అను పేరునకు కట్టడి విధించెను: గోధుమపిండి, నీరు, ఉప్పు, పులియబెట్టు ద్రవ్యము, ఇవియే ముఖ్యము, చిక్కుడుజాతి పిండి, సోయాపిండి, మొలకెత్తిన గోధుమల పిండి మాత్రము అత్యల్పముగా కలుపవచ్చును, పిండిముద్దను గడ్డకట్టించి నిలువయుంచరాదు. పిండి పిసుకుట మొదలు కాల్చుట వరకు ఆ చోటనే చేయనివారు తమ అంగడికి 'బులాఁజ్రీ' అని పేరు పెట్టుకొనరాదని 1998లో చట్టము వచ్చెను. 2022లో యునెస్కో సంస్థ బగెత్ చేయు విద్యను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చెను. అంగడిలో 'యున్ త్రదిస్యోఁ' అని యడిగిన పై కట్టడికి లోబడిన రొట్టెనే యిత్తురు. ఎఱ్ఱగా కాలినది కావలెననిన 'బ్యేఁ క్విత్' అని చేర్చవలెను. ఇంటికి పోవుచు దారిలోనే కొన త్రుంచి నోట వేసికొనుట పెద్దలకును తప్పుకాదు. రొట్టెను బల్లపై బోర్లించుట మాత్రము అశుభమని నమ్మువారు నేటికిని కలరు.

స్నేహితునకు వారి వాడుకమాట 'కోపేఁ'. లాటిను భాషలో 'రొట్టెను కలిసి తినువాడు' అను అర్థమునుండి వచ్చినదది. కలిసి కుడుచుటను తెలుపు మన 'పొత్తు' అను మాట స్నేహమునకును, వ్యాపారమున భాగస్వామ్యమునకును పేరైనట్లు, వారికి వర్తకసంఘమును తెలుపు 'కోఁపాఞీ' యును ఈ రొట్టెనుండియే పుట్టినది.

సంతలో చిక్కు లెక్కలతో వచ్చును. డెబ్బది వారికి 'అరువదియు పదియు', ఎనుబది 'నాలుగిరువదులు', తొంబదియేడు 'నాలుగిరువదుల పదునేడు'. బెల్జియము, స్విట్జర్లాండులలోని ఫ్రెంచివారు డెబ్బదికిని తొంబదికిని సులువైన మాటలను వాడుదురు గాని, పారిసులో ఆ సౌకర్యము లేదు. 2002లో ఫ్రాంకులు పోయి యూరోలు చెలామణికి వచ్చినను లెక్కించు తీరు మారలేదు. వింత యేమనగా, దశాంశ కొలమానమును 1795లో లోకమునకు ఇచ్చిన దేశముననే కూరగాయలను నేటికిని 'యున్ లీవ్ర్' అని యడుగుదురు. పాతకాలపు ఈ పౌను నేడు సరిగా అరకిలో. గంపలోనికి చేయి పెట్టి ఏరుకొనుట పెక్కు చోట్ల మర్యాద కాదు. అమ్మువాడే ఏరి యిచ్చును. ఖర్బూజా యడిగినపుడు 'నేటికా, రేపటికా' అని ప్రశ్నించి, తినబోవు పూటకు పక్వమునకు వచ్చుదానిని తీయు వర్తకులు కలరు. ఇట్టి వారి వద్ద రెండు మాటలు తప్పుగా పలికినను నష్టము లేదు, ఓపికగా దిద్దుదురు.

పూటల పేర్లలో ఒక మెలిక కలదు. 'దెజ్యునే' అనగా ఉపవాసమును విడుచుట. ఒకప్పుడు ప్రాతఃకాలపు తిండికి చెందిన ఈ పేరు పారిసులో మధ్యాహ్నమునకు జరిగి, ఉదయపు తిండి 'ప్తీ దెజ్యునే', అనగా చిన్న దెజ్యునే, అయ్యెను. రాత్రి భోజనము 'దీనే'. బెల్జియములోను, కెనడాలోని కెబెక్ ప్రాంతమునను పాత క్రమమే నిలిచియున్నది. అచ్చట దెజ్యునేకు పిలిచినవారింటికి ఉదయమే పోవలెను. ఫ్రాన్సులో పెక్కు భోజనశాలలు పండ్రెండు మొదలు రెండు గంటల వరకే వండి వడ్డించును. మూడు గంటలకు ఆకలితో పోయినవాడు రాత్రి ఏడు వరకు రొట్టెల అంగడిని నమ్ముకొనవలసినదే.

పెద్ద భోజనము వరుసగా వచ్చును: మొదట 'ఆఁత్రే', తరువాత ప్రధానమైన 'ప్లా', పిదప 'ఫ్రొమాజ్', చివర తీపి. ఫ్రొమాజ్‌ను జున్ను అని తెనిగించిన మన ముంతజున్ను తలపునకు వచ్చును గావున చీజు అనుటయే మేలు. ఒకప్పుడు ఫ్రాన్సులోను వంటకములన్నిటిని ఒక్కసారిగా బల్లపై పరచుచుండిరి. దానికే 'ఫ్రెంచి వడ్డన' అని పేరు. 19వ శతాబ్దిలో ఒకదాని తరువాత నొకటి తెచ్చు 'రష్యా వడ్డన' దానిని త్రోసివేసినది. విస్తరిలో సమస్తము కనబడుచుండగా తినుటకు అలవాటుపడిన మనవారు మొదటి పళ్లెముతోనే కడుపు నింపుకొని తరువాత ఇబ్బంది పడుదురు. ఇట్లు బల్లచుట్టు చేరి తీరికగా భుజించు ఫ్రెంచి పద్ధతిని యునెస్కో 2010లోనే తన పట్టికలో చేర్చినది.

భోజనశాలలో 'మెన్యు' అనగా మనము తలచునట్లు వంటకముల జాబితా కాదు. ఒక వెలకు ఇచ్చు పూర్తి భోజనము. జాబితా కావలెననిన 'లా కార్త్' అని యడుగవలెను. 'యున్ కరాఫ్ దో' అనిన కుళాయినీరు కూజాతో ఉచితముగా ఇత్తురు. ఊరక 'దో' అనిన వెలగల సీసానీరు రావచ్చును. వడ్డించువానిని కుఱ్ఱవాడను అర్థముగల 'గర్సోఁ' అని పిలుచుట నేడు మర్యాద కాదు. 'మస్యో' అనిన చాలును. బిల్లును 'లాదిస్యోఁ' అందురు. సేవారుసుము వెలలోనే చేరియుండును గావున పైన ఇచ్చునది ఐచ్ఛికము.

ఇక శాకాహారుల సంగతి. 'వెజెతార్యేఁ' అను మాట అందరికిని తెలియును గాని, దాని యర్థము మన యర్థము కాదు. వారి లెక్కలో అట్టివాడు మాంసము, చేప తినడు, గ్రుడ్డు తినును. పాలు, వెన్న, తేనె సైతము ముట్టనివానికి 'వెజెతాల్యేఁ' అని వేరుపేరు. పాలు త్రాగుచు గ్రుడ్డు తినని తెలుగు శాకాహారి ఈ రెండింటిలో దేనికిని చెందడు. అందుచే పేరుతో తృప్తిపడక విప్పి చెప్పవలెను: 'జ న మాఁజ్ ని వ్యాఁద్, ని ప్వాసోఁ, ని జాంబోఁ, ని ఎ.' మాంసము గాని, చేప గాని, పందితొడ గాని, గ్రుడ్లు గాని తిననని అర్థము. వ్యాఁద్ లేదన్న వంటకములో జాంబోఁ ముక్కలు కనబడుట విన్న విషయమే. చాలమంది దృష్టిలో అవి రుచికి చల్లిన దినుసులేగాని మాంసము కావు.

పేరు చూచి మోసపోవు వంటకములు కొన్ని కలవు. ఉల్లిపాయల సూపు తరచుగా గొడ్డుమాంసపు రసముతో కాచబడును. 'నిసువాజ్' అను పచ్చికూరల సలాదులో ట్యూనాచేపయు, ఆంచోవీ అను చిన్నచేపయు చేరును. లొరేన్ ప్రాంతపు 'కీష్'లో పందిమాంసపు తునకలుండును. నైరుతి ప్రాంతములో కూరలను బాతుకొవ్వుతో వేపుట వాడుక. క్ర్వాసాఁ మీది నిగనిగ గ్రుడ్డుసొన పూతవలన వచ్చినది. చీజులను పెక్కింటిని దూడ కడుపునుండి తీసిన 'ప్రెజ్యుర్'తో తోడుపెట్టుదురు. పట్టింపు గలవారు అట్టపై ఈ మాటను వెదకవలెను. ఇంత భయపెట్టిన పిదప ధైర్యము చెప్పుటయు మా విధి. వంకాయ, టమాటో మొదలగు కూరలను నూనెలో మగ్గించు ప్రొవాఁస్ ప్రాంతపు 'రతతూయ్', ఉర్లగడ్డలను పాలమీగడతో ఉడికించు 'గ్రతేఁ దొఫిన్వా' మనవారికి హితములే. నీస్ పట్టణమున 'సొకా' అని యొకటి దొరకును. శనగపిండిని నీట కలిపి, ఆలివు నూనె పోసి, పెద్ద పళ్లెములో కాల్చిన అట్టు అది. మిరియపు పొడి చల్లి వేడిగా ఇత్తురు. మన నాలుకకు అది చుట్టరికమున్న వంటకమే. దాని ప్రక్కనే అమ్ము ఉల్లిపాయల రొట్టె 'పిసలాద్యేర్'లో మాత్రము ఆంచోవీ దాగియుండును. కాలము కూడ మారుచున్నది: బడులలోని భోజనశాలలు వారమున కొక పూటయైన శాకాహారము పెట్టవలెనని 2018 నాటి చట్టము ననుసరించి 2019 నుండి ఏర్పాటు జరిగినది.

ఎవరైన ఇంటికి భోజనమునకు పిలిచినయెడల ఈ నియమములను పిలిచిన నాడే చెప్పవలెను. బల్లవద్ద కూర్చుండి పళ్లెము త్రోసివేయుట వండిన యిల్లాలిని అవమానించుటయే యగును. ముందుగా తెలిసినచో సంతోషముగా వేరే వండుదురు. చెప్పిన వేళకు పది నిమిషములు ఆలస్యముగా పోవుట అచ్చట మర్యాద, ముందుగా పోవుట కాదు. మనము ఎడమచేతిని భోజనమునకు దూరముగా ఒడిలో నుంచుకొందుము. వారి పద్ధతిలో రెండు మణికట్టులును బల్ల అంచున కనబడుచుండవలెను. ఇంటి యజమానురాలు 'బోన్ అపెతీ' అని ఆరంభించువరకు ఆగవలెను. మారువడ్డన వచ్చినపుడు చేయి అడ్డుపెట్టి 'మెర్సీ' అనిన, 'చాలును' అని అర్థము. ఇంకను కావలెననిన 'అవెక్ ప్లెజీర్' అనవలెను. మెర్సీ అనగా కృతజ్ఞతయే గదా యని చిరునవ్వుతో పలికి ఖాళీ పళ్లెముతో మిగిలినవారిని గూర్చి కథలు కలవు.

తీపి అయిన పిదప, దానితో గాక దాని తరువాత, చిన్న గిన్నెలో నల్లని కాఫీ వచ్చును. పాలు పోసిన కాఫీ వారికి ఉదయపు పానీయమే. మన ఫిల్టరు కాఫీ తలపునకు వచ్చి ఉండబట్టలేనివారు భోజనశాలలో నైనచో 'యున్ న్వాజెత్, సిల్ వూ ప్లే' అని యడుగవచ్చును. ఒక్క చుక్క పాలు తగిలించి గోధుమవన్నెకు తెచ్చిన కాఫీని ఇత్తురు.